మాడులోంచి కనబడ్డ ఎరుపూ నీలమూ

గనిలో నాది గాలి పని. గాలి ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది, ఎంత పోతోంది అని కొలిచి పుస్తకంలో రాయడం, ప్లాను మీద రంగులు దిద్దడం. పదకొండేళ్లు అదే పని చేసేసరికి ఎక్కడ రంగు గీత కనబడినా నాకు గాలే గుర్తొచ్చేది. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే నా పరువు కొంచెమైనా దక్కుతుందని చెబుతున్నాను.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు మాట. పెళ్లయిన ఏడేళ్లకు మాకు బిడ్డ పుట్టింది. అదీ ఎనిమిదో నెలలోనే, గోదావరిఖనిలో. పుట్టగానే ఏడవలేదు. కాసేపటికి ఏడ్చింది గానీ, ఆ కాసేపట్లో మెదడుకు నెత్తురు సరిగ్గా అందిందో లేదో పెద్ద డాక్టరుకు చూపించమన్నారు. ఆపరేషన్ కాన్పు కాబట్టి మా ఆవిడ అక్కడే మంచం మీద ఉండిపోయింది, తోడుగా మా అమ్మ. నేనూ మా బామ్మర్దీ ఆ గుప్పెడు పిల్లను అంబులెన్సులో గోదావరి వంతెన దాటించి, మంచిర్యాలలో పిల్లల దవాఖానకు తెచ్చాం.

మూడు రోజులు పిల్లను పెట్టిన గాజుపెట్టె ముందు కూర్చున్నాం. మా ఆవిడ గంటకోసారి ఫోను చేసి పిల్ల ఎట్లుందని అడిగేది. మంచిగుంది అనేవాణ్ణి. నాకేం తెలుసు నా మొహం! పాలు తాగిందా అంటే తాగింది, కండ్లు తెరిచిందా అంటే తెరిచింది, నిన్ను అడిగింది అనడం ఒక్కటే తక్కువ. అబద్ధాలాడటంలో నాకింత నేర్పుందని అప్పటిదాకా నాకే తెలియదు.

నాలుగోరోజు పొద్దున డాక్టరమ్మ ఒక మిషను తోసుకుంటూ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, మాట మెత్తన. పిల్ల తలలో నెత్తురు ఎలా పారుతోందో చూస్తానంది. తల కోస్తరా అని మా బామ్మర్ది తెల్లబోయాడు. కోసేదేం లేదట. పసిపిల్లల మాడు ఇంకా మూసుకోదు కదా, అక్కడ ఎముక అడ్డం లేదు కాబట్టి లోపలిది కనబడుతుందట. మా ఇళ్లలో ఆముదం అద్ది, టోపీ పెట్టి, ఎవరినీ ముట్టనివ్వని ఆ మెత్తటి చోటే ఆమెకు కిటికీ అన్నమాట. జిగురు మందును వేళ్ల మధ్య వెచ్చబెట్టి మాడుకు పూసి, చిన్న పనిముట్టును మెల్లగా ఆనించింది. తెర మీద బూడిదరంగు మబ్బు లేచింది. ఆమె ఇంకో మీట నొక్కగానే ఆ మబ్బులో రంగులు పుట్టాయి.

కింది నుంచి ఎర్రగా ఒక దారి పైకొచ్చి, వంపు తిరిగి, ఆ వంపు దగ్గర నీలంగా మారిపోయింది. మా ప్లానులో తాజా గాలి లోపలికొచ్చే దారికి నీలం రంగు, వాడేసిన చెడుగాలి బయటికి పోయే దారికి ఎరుపు. ముందు నీలం రావాలి, తర్వాత ఎరుపు కావాలి. ఇక్కడేమో ముందే ఎరుపు! బామ్మర్ది వైపు చూశాను. వాడు గని పెద్ద ఫ్యాను దగ్గర ఆపరేటరు. అప్పటికే కళ్లు తేలేసి ఉన్నాడు.

"బావా, ఉల్టా తిరుగుతున్నది," అన్నాడు నా చెవిలో.

గనిలో ఫ్యానును ఉల్టా తిప్పేది ఎప్పుడంటే, గాలి వచ్చే దారిలో నిప్పు పుట్టినప్పుడు, ఆ పొగ లోపలి మనుషుల మీదికి పోకుండా. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. వాడు గొంతు ఇంకా తగ్గించి, లోపల నిప్పు గిట్ల ఉన్నదా ఏంది అని అడిగాడు. పరీక్షలు రాసి సర్టిఫికెట్టు తెచ్చుకున్న నేను వాణ్ణి తిట్టాల్సింది పోయి, పిల్ల పాదం ముట్టి చూశాను. వెచ్చగా ఉంది. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను.

డాక్టరమ్మ పలకకుండా తెరనే చూస్తోంది. నాకు మామూలుగానే కోపం ఎక్కువ, భయం వేస్తే ఇంకా ఎక్కువ. మా దగ్గర దాచొద్దు, మాకూ ఈ పని తెలుసు, ఎరుపు ముందొస్తోంది, నీలం తర్వాతొస్తోంది, నెత్తురు ఉల్టా పోతోంటే చూస్తూ నిలబడ్డారేమని అరిచేశాను. పక్క పెట్టెలో పిల్ల లేచి ఏడుపు అందుకుంది. నర్సు పరుగెత్తుకొచ్చింది. బామ్మర్ది జేబులోంచి పెన్ను తీసి, రుజువు కోసం తన అరచేతి మీదే గని ప్లాను గీయడం మొదలుపెట్టాడు, బాణం గుర్తులతో సహా.

డాక్టరమ్మ ఆ అరచేతిని శ్రద్ధగా చూసింది. పిల్ల మీది నుంచి పనిముట్టు తీసి, నా చెయ్యి చాపమని మణికట్టు మీద పెట్టింది. తెర మీద ఎర్ర గీత. పనిముట్టును అటు వాల్చింది. అదే గీత నీలమైంది. ఇటు వాల్చింది, మళ్లీ ఎరుపు.

"దీని వైపు వచ్చే రక్తాన్ని ఎర్రగా చూపిస్తుంది, దూరంగా పోయేదాన్ని నీలంగా. అంతేనండి," అంది. "మీ పాపకి పైకెక్కి, వంపు తిరిగి వెనక్కి పోతోంది. అలాగే పోవాలి. ఎక్కడా చిట్లలేదు, ఎక్కడా ఆగలేదు."

ఆ తర్వాత మేం చేసిన పిచ్చి పనులకు లెక్క లేదు. బామ్మర్ది నన్ను వాటేసుకుంటే వాడి చేతిలోని గని మొత్తం నా తెల్లచొక్కా మీదికి దిగింది. వాడు నర్సుకు దండం పెట్టాడు, మిషనుకూ పెట్టాడు. నేను డాక్టరమ్మతో తప్పయిందమ్మా అంటూ నవ్వుతున్నాను, ముక్కు చీదుకుంటూ మళ్లీ నవ్వుతున్నాను. ఆపుదామంటే ఆగదు. ఆమె కూడా నవ్వుకు కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడే ఫోను మోగింది, మా ఆవిడ.

ఇప్పుడు నిజమే చెప్పొచ్చు కదా అని ఎగిరి గంతేసినంత పనిచేసి, బిడ్డ మంచిగున్నదని చెప్పాను.

"నాలుగు దినాల సంది గదే అంటున్నవ్," అంది. "నిజం చెప్పు. ఉన్నదా?"

నా నవ్వు ఎటు పోయిందో పోయింది. నేను మంచిగుంది అన్న ప్రతిసారీ ఆమె అక్కడ పడుకుని పిల్ల లేదనే అనుకుందన్నమాట. ఒట్టేశాను. ఆమె తమ్ముడితో చెప్పించాను. నువ్వు మీ బావ చెప్పమన్నదే చెప్తవ్ అని వాణ్ణీ కొట్టిపారేసింది.

డాక్టరమ్మ పనిముట్టు తుడిచి, మళ్లీ మాడు మీద ఆనించి, చప్పుడు వచ్చే మీట తిప్పి, ఫోను ఇటు పట్టమని సైగ చేసింది. మిషనులోంచి ఉష్, ఉష్, ఉష్ అని చిన్నగా, తొందర తొందరగా వస్తోంది. ఫోనును దానికి ఆనించి పట్టుకున్నాను. కొంతసేపటికి చెవి దగ్గర పెట్టుకుంటే, ఏందది అని అడిగింది. నీ బిడ్డ తలకాయల నెత్తురు పోతున్న సప్పుడు అని చెప్పాను. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

"నువ్వు మాట్లాడకు," అంది. "ఫోను ఆడ్నే పెట్టు."