ఫిజీ అమ్మాయిల మొక్కు

మొన్న ఒక మధ్యాహ్నం మోకాలికి వేడినీళ్ళ సంచి ఆనించుకుని టీవీ ముందు కూర్చున్నాను. ఈ మధ్య నా సెలవులన్నీ అక్కడే గడుస్తున్నాయి. పాతికేళ్ళు పిల్లల్ని ఎండలో పరుగెత్తించిన డ్రిల్ మాస్టారికి ఇప్పుడు వంటింటి దాకా నడవడమే ఒక పనిగా ఉంది. ఏదో చూడాలని కాదు, ఊరికే ఛానళ్ళు తిప్పుతుంటే ఒకచోట పచ్చటి మైదానమూ, తెల్లచొక్కాల ఆడపిల్లలూ కనిపించారు. ఫిజీ దేశపు రగ్బీ జట్టు. జట్టుకు ఏడుగురే, ఆటలో ఒక్కో సగానికి ఏడే నిమిషాలు. చూస్తుండగానే ఒకమ్మాయి బంతిని చంకలో ఇరికించుకుని అంచు వెంబడి పరుగు తీసింది, చివరి గీత దాటింది, చుట్టుపక్కల పట్టుకునే వాళ్ళెవరూ లేకపోయినా వేగం తగ్గించి, వంగి, బంతిని రెండు చేతులతో గడ్డిమీద అదిమింది. ఆట అయిపోయాక అందరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని గుండ్రంగా నిలబడి దేవుడి పాట పాడారు.

మా ఆవిడ టీ తెచ్చి, నా ముఖం చూసి, ఏమైందని అడిగింది. మోకాలి నొప్పి అన్నాను. అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు. ఎన్నో ఏళ్ళుగా మెదక్ పట్నంలో నిజమన్నట్టు చెలామణి అవుతున్న నా అబద్ధం ఒకటుంది, దాని సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా ఈడు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మేము ఉద్యోగాల్లో చేరేనాటికి ఊళ్ళో ఎస్టీడీ బూత్‌లు వెలిశాయి, తర్వాత రంగుల టీవీలు, కేబుల్ తీగలు, ఆ తర్వాత ప్లాట్లు. హైదరాబాద్ రోడ్డు పొడుగునా చేలల్లో తెల్లరాళ్ళు పాతి, వాటికి కాలనీలని పేర్లు పెట్టిన కాలం అది. పొద్దున పాఠం చెప్పిన సార్లే సాయంత్రం మోటారు సైకిల్ మీద జనాన్ని ఎక్కించుకుపోయి ఆ రాళ్ళు చూపించేవారు. అందులో నేనూ ఉన్నాను. ఇంకోవైపు ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకుంది. చౌరస్తాలో వంటావార్పులు, రోడ్డుకు అడ్డంగా తాళ్ళు, వారం మధ్యలో బందులు. ధర్నాకు పోతున్నానని చెబితే ఏ హెడ్మాస్టరూ ఎందుకని అడిగేవాడు కాదు. అడగడం తప్పు అనిపించేంత పవిత్రంగా ఉండేది ఆ మాట.

మా బడిలో ఆడపిల్లల కబడ్డీ జట్టు గట్టిది. కెప్టెన్ ఎల్దుర్తి వైపు పల్లె నుంచి వచ్చే పిల్ల. వాళ్ళమ్మ మా బడిలోనే మధ్యాహ్న భోజనం వండేది. జిల్లాల మధ్య ఆడపిల్లల రగ్బీ పోటీ పెడుతున్నారని, కబడ్డీ ఆడే పిల్లలైతే తొందరగా నేర్చుకుంటారని పైనుంచి కాగితం వచ్చినప్పుడు మేమెవరమూ ఆ ఆట పేరు కూడా సరిగ్గా విన్నవాళ్ళం కాదు. అందులో బాగా ఆడినవాళ్ళను రాష్ట్ర జట్టు శిబిరానికి తీసుకుంటారనీ, ఆ సర్టిఫికెట్ ఉంటే ఆటల కోటాలో వ్యాయామ విద్య కోర్సులో సీటు దొరుకుతుందనీ తెలిసిన రోజు, ఆ తల్లి చేతిలో గరిటెతోనే మైదానంలోకి నడిచొచ్చింది.

"నా బిడ్డ నాలెక్క పొయ్యికాడ కూసోవద్దు సారూ. గా కాయితమేందో జర ఇప్పియ్యుండ్రి. ఆమె గూడ మీలెక్క మెడల ఈల ఏస్కోని తిరగాలె."

ఇప్పిస్తానన్నాను. అప్పటికి అది మనస్ఫూర్తిగా అన్నమాటే.

మాస్టార్లకు హైదరాబాద్‌లో మూడు రోజుల శిక్షణ పెట్టారు. మొదటి రోజు బంతి పట్టుకోవడం, విసరడం, ఎదుటివాళ్ళను నడుం కింద పట్టి పడేయడం నేర్పారు. రెండో రోజు పొద్దున తూప్రాన్ దగ్గర ప్లాటు చూడడానికి మనిషి వస్తున్నాడని ఫోనొచ్చింది. ధర్నా ఉందని చెప్పి వచ్చేశాను. పాయింట్లు ఎలా వస్తాయో, ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో వివరించింది ఆ రెండో రోజునే. నాకు దక్కినవి ఒక ఇంగ్లీషు నియమాల పుస్తకం, ఫిజీ ఆడపిల్లల ఆటలున్న ఒక సీడీ. పుస్తకాన్ని బీరువాలో పెట్టాను. సీడీని మాత్రం బడి కంప్యూటర్ గదిలో పిల్లలకు వేసి చూపించాను.

మొదట బంతిని చూసి వాళ్ళు పడీపడీ నవ్వారు. "గిదేం బాల్ సారూ, దోసకాయ లెక్కున్నది! పప్పుల ఏస్కోవాల్నా?" అని ఒకతె. బంతిని ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలంటే టేక్మాల్ నుంచి వచ్చే పిల్ల, "ముందలికి ఉరుకుమంటరు, బాలేమో ఎనకకు ఇయ్యమంటరు, గిదేం ఆట సారూ?" అంది. కానీ సీడీ చూశాక నవ్వులు ఆగిపోయాయి. తమలాగే నల్లగా, బలంగా, జుట్టు గట్టిగా బిగించుకున్న ఆడపిల్లలు ఏ మొహమాటమూ లేకుండా పరుగెత్తి, ఢీకొట్టి, పడి, లేచి మళ్ళీ పరుగెత్తడం వాళ్ళు అంతకుముందు ఎక్కడా చూడలేదు. ఫిజీ ఎక్కడుందని ప్రపంచపటం తీశారు. ఆ పటం చుట్టీ చుట్టీ కుడి అంచు చిరిగిపోయింది, ఫిజీ ఉండాల్సింది సరిగ్గా ఆ చిరుగులోనే. కెప్టెన్ పిల్ల తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి, చిరుగు పక్కన నీలిరంగు మీద అంటించింది. అప్పటి నుంచి బడిలో వాళ్ళ పేరు ఫిజీ బ్యాచ్.

ఆ సీడీ చూస్తున్నప్పుడే ఒకరోజు ఆమె అడిగింది.

"సారూ, గీత దాటినంక గామె బాల్‌ను నేలకెందుకు ఆనిస్తుంది? ఎవ్వలు పట్టుకోలే గదా?"

నాకు తెలియదు. తెలియదు అని ఉంటే సరిపోయేది. పుస్తకం పక్క గదిలోనే ఉంది. కానీ మాస్టారికి తెలియకపోవడం ఏమిటన్న పొగరు ఒకటి, పిల్లలందరూ నావైపే చూస్తుండడం ఒకటి. కబడ్డీలో కోర్టులోకి దిగేముందు మన పిల్లలు మట్టిని ముట్టి కళ్ళకు అద్దుకుంటారు కదా, అది తట్టింది. పైగా ఆట కాగానే ఫిజీ వాళ్ళు దేవుడి పాట పాడడం అప్పుడే చూశాం. అది వాళ్ళ మొక్కు అని చెప్పేశాను. మనం ఆటకు ముందు మట్టికి మొక్కుతాం, వాళ్ళు పాయింటు వచ్చాక మొక్కుతారు, మంచి ఆచారం అన్నాను. పిల్లలకు ఆ మాట ఎంత నచ్చిందో! "మంచిగనే ఉన్నది సారూ, మనం ముందు మొక్కినం గద, మల్ల ఎందుకు" అని ఆమె నవ్వింది. అక్కడితో ఆ ప్రశ్న ముగిసింది.

మైదానంలో ముగ్గుపిండితో గీతలు వేసుకుని రెండు నెలలు సాధన చేశాం. గీత దాటితే పాయింటు. మా లెక్క అదే.

పోటీ హైదరాబాద్‌లో జరిగింది, జిల్లా తరఫున వెళ్ళింది మా జట్టే. బందులేని వారం చూసి బస్సెక్కాం. మా పిల్లలు మొదటి మూడు ఆటలూ గెలిచారు. ఎలా గెలిచారంటే, కబడ్డీలో పట్టుబడ్డ మనిషి ఒళ్ళంతా సాచి మధ్యగీత అందుకున్నట్టు, కాళ్ళకు ఇద్దరు వేలాడుతున్నా గీత మీదికి బొక్కబోర్లా పడేవారు. పడితే బంతి దానంతటదే నేలకు తగిలేది. రిఫరీ ఈల వేసేవాడు. నా అజ్ఞానం బయటపడకుండా మూడు ఆటల పాటు ఆ పిల్లల మోచేతులు, మోకాళ్ళు కాపాడాయి. ఎదుటి జట్ల వాళ్ళు గీత దాటి బంతి ఆనిస్తుంటే, వాళ్ళూ ఫిజీ వాళ్ళను చూసి నేర్చుకున్నారు కాబోలని మా వాళ్ళు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఫైనల్ సముద్రతీరం వైపు జిల్లా జట్టుతో. చివరి నిమిషంలో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం, ఒక్క పరుగు చెల్లితే అయిదు వస్తాయి, గెలుస్తాం. అప్పుడు బంతి కెప్టెన్ పిల్ల చేతికి వచ్చింది. ఇద్దరిని తప్పించుకుని ఆమె పరుగు తీస్తే ఆ రోజు ఆమెను ఎవరూ అందుకోలేకపోయారు. గీత దాటింది. దాటి, ఆగి, వెనక్కి తిరిగి, బంతిని రెండు చేతులతో తలపైకి ఎత్తి మావైపు చూసి నవ్వింది. మొదటిసారిగా ఆమెను ఎవరూ పట్టుకోలేదు కాబట్టి మొదటిసారిగా ఆమె పడలేదు. వెనక నుంచి వచ్చిన అమ్మాయి ఒక్కసారిగా నడుం పట్టి లాగేసరికి బంతి జారి ముందుకు పోయింది. రిఫరీ పాయింటు ఇవ్వలేదు. ఆట అయిపోయింది.

మాకు అర్థం కాలేదు. ఎదుటి జట్టు కెప్టెన్ దగ్గరకొచ్చి, మంచిదే పాపం, మా పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "గీత దాటాక బంతి కింద పెట్టాలండీ, లేకపోతే చెల్లదు. మీ సార్ చెప్పలేదా?" అంది. మా పిల్లలంతా నావైపు తిరిగారు. కెప్టెన్ పిల్ల ఏడవడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టుగా అడిగింది.

"మీరు మొక్కుడని జెప్పిన్రు గద సారూ?"

పక్కనే రాష్ట్ర జట్టును ఎంపిక చేసే పెద్దమనుషులు ఇద్దరు నిలబడి వింటున్నారు.

"నియమమని చెప్పిన. నువ్వే ఇనలే," అన్నాను.

ఆమె నావైపు చూసింది. తర్వాత తల వంచుకుని, "అవును సారూ, మర్చిపోయిన" అంది. మిగతా పిల్లలు నోరు తెరవలేదు. కెప్టెన్ ఒప్పుకున్నాక వాళ్ళేం మాట్లాడతారు? కాసేపటికి ఆ పెద్దమనుషుల్లో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, పరుగు బాగుంది, ఈ అమ్మాయిని తీసుకుందామా, చెప్పిన మాట వింటుందా అని అడిగాడు. అప్పుడైనా దిద్దుకోవచ్చు. కానీ అయిదు నిమిషాల క్రితం అందరి ముందు ఒక మాట అన్నాను. దాన్ని నిలబెట్టుకోవడానికి, ఆట ఉంది గానీ మాట వినదు అన్నాను. ఆయన తలూపి, చేతిలోని కాగితంలో ఏదో కొట్టేశాడు.

మెదక్‌లో ఆ సంగతి రకరకాలుగా తిరిగింది. ఆ రోజుల వేడిలో, రిఫరీ ఆంధ్ర వాడై ఉంటాడు, మోసం చేసి ఉంటాడు అన్నవాళ్ళున్నారు. ఆయన మన వైపు మనిషేనని తెలిసీ నేను నోరు మెదపలేదు. ఎక్కువమంది మాత్రం గెలిచిన ఆటను పిల్ల పొగరుతో పారేసిందన్నారు. ఆ పేరే ఆమెకు నిలిచిపోయింది. మూడోనాడు వాళ్ళమ్మ భోజనాల దగ్గర నా ముందు నిలబడి, "తప్పయింది సారూ. నా బిడ్డకు ఇంత తల తిరుగుడున్నది. మీరు మనసుల పెట్టుకోకుండ్రి, వచ్చేయేడు మల్ల తోల్కపోండ్రి" అని, నా పళ్ళెంలో ఇంకొక గుడ్డు వేసింది. నేను ఆ గుడ్డు తిన్నాను.

మరుసటి ఏడు ఆ పోటీ జరగలేదు. ఆ పిల్ల ఇంటర్ తర్వాత మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. రోడ్డు మీద ఎదురైతే నమస్తే సారూ అనేది. నేను తొందరలో ఉన్నట్టు వాచీ చూసుకునేవాణ్ణి.

టీవీలో ఫిజీ వాళ్ళను చూసిన తర్వాతి ఆదివారం శంకరంపేట బస్సెక్కాను. ఆమె ఇప్పుడక్కడ బట్టలు కుడుతుంది. నన్ను చూసి మిషన్ ఆపి, కుర్చీ తుడిచి వేసింది. బస్సులో అనుకున్న మాటలేవీ గుర్తుకు రాలేదు. ఆ రోజు నేను చెప్పలేదు బిడ్డా, నాకే తెలియదు అన్నాను.

"నాకెర్కే సారూ. గా పొద్దే ఎర్కే," అంది, సూదిలో దారం ఎక్కిస్తూనే. "మా సారు ఇజ్జత్ పోతదని ఒప్పుకున్న. గా ముచ్చటకు నా సీటు పోతదని నాకేమెర్క?"

వాళ్ళమ్మకైనా చెబుతానన్నాను. అమ్మ పోయి మూడేళ్ళయిందని చెప్పింది. "ఆఖరి దాంక అంటనే ఉండె, జర సార్ మాట ఇనుంటే అయిపోతుండె గద బిడ్డా అని."

నేను లేవబోతుంటే, కొలతల టేపు మెడలో సర్దుకుంటూ మళ్ళీ అంది. "నాకొక్కదానికి జెప్తె ఏమొస్తది సారూ? గప్పుడు అందరి ముంగట అన్నరు. జెప్తే అందరికి జెప్పుండ్రి."

అందుకే ఇది.

రాష్ట్రం వచ్చింది. మా ఊరికి రైలు కూడా వచ్చింది. ఏ జిల్లా పేరును ఆ పిల్లలు చొక్కాల మీద రాయించుకున్నారో ఆ జిల్లా మూడు ముక్కలైంది. మేము ముగ్గుపిండితో గీతలు వేసిన చోట కొత్త గదులు లేచాయి, పాత ప్రపంచపటం పోయి గోడకు తెర వచ్చింది. బొట్టుబిళ్ళ ఎక్కడ పడిపోయిందో తెలియదు. ఇప్పటి పిల్లలకు అనుమానం వస్తే ఫోన్లో చూసుకుంటారు, మాస్టారి మాటే వేదం అనుకోరు. అది చూసి నాతోటి వాళ్ళు గౌరవం తగ్గిందని బాధపడుతుంటారు. నాకు మాత్రం ఎంత బరువు దిగిందో చెప్పలేను. ఆ గౌరవాన్ని నమ్మే ఒక పిల్ల తన సీటును నా మీద ఖర్చు పెట్టింది.

మెదక్‌లో ఆ ఆట గుర్తున్నవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఎప్పుడైనా ఆ ప్రస్తావన వస్తే దయచేసి ఇలా చెప్పండి. ఆ పిల్ల మర్చిపోలేదు. ఆమె అడిగింది, నేను తప్పు చెప్పాను.