కిందనుంచి లాగే మనిషి

ఆ వీధిలో అందరూ ఆయన్ని కర్రలాయన అంటారు. ఆ పేరు విని ఒకరిద్దరు మంచం కోళ్ల కోసం వచ్చి, మర్యాదగా వెనుదిరిగిన సందర్భాలున్నాయి. ఆయన కట్టేవి గాలపు కర్రలు. అందులోనూ సముద్రం మీదికి వెళ్లి ట్యూనా లాంటి భారీ చేపలతో పెనుగులాడేవాళ్ల కోసం, ఏ మనిషి కర్ర ఆ మనిషికే అమరేలా కట్టేవి. తాడు దూరే రింగులూ పిడీ లేకుండా కర్మాగారం నుంచి వచ్చే ఒట్టి బోలు కర్రను బ్లాంకు అంటారు. కర్ర మంచిచెడ్డలన్నీ బ్లాంకులోనే ఉంటాయనీ, తక్కినదంతా అలంకారమేననీ ఆయన లోకానికి ప్రకటించి ఉన్నాడు. ఆ అలంకారమంతా దారం చుట్టి చేసేది ఆయన భార్య. ఆవిడ ఆ ప్రకటన విననట్టు ఊరుకునేది.

ఆవిడ ఇప్పుడు లేదు. వానలకు ముందు పోయింది. చుట్టాలు వచ్చారు, ఈయన ఏడుస్తాడేమోనని చాలాసేపు కాచుకుని కూర్చున్నారు, ఆశ వదులుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఆయనేమీ ఏడుపు ఆపుకోలేదు. అది రాలేదు, అంతే. ఆకలీ రాలేదు గానీ, కంచం ఎదురుగా ఉంటే తినేవాడు. పొద్దున్నే దుకాణం తెరిచి కుర్చీలో కూర్చునేవాడు. సాయంత్రం లేచి మూసేవాడు. ఆ మధ్యలో జరిగినదాన్ని వ్యాపారం అనడం కష్టం.

దుకాణం మేడ మీది గది. కింద దర్జీ కొట్టు. దర్జీకి గుడ్డ తానులు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. "ఎప్పుడైనా ఖాళీ చేస్తే నాకే ఇవ్వండి అన్నగారూ" అని మొహమాటంగా అడిగి ఉన్నాడు. మొన్న ఈయనే పిలిచి, "శుక్రవారం సాయంత్రం తాళం తీసుకో" అన్నాడు. అంటున్నప్పుడు తన గొంతు పక్కింటి రేడియోలా వినిపించింది. ఇవాళ శుక్రవారం.

మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. ఓడరేవులో క్రేను నడుపుతాడు. ఆకారాన్ని బట్టి వాళ్లక్క అతనికి తిమింగలం అని పేరు పెట్టింది. మెట్లన్నీ ఎక్కి, గుమ్మం నిండా నిలబడ్డాడు.

"బావా, నాకో కర్ర కట్టు. ట్యూనాకి."

"దుకాణం తీసేస్తున్నాను."

"అందుకే ఇవాళ వచ్చా. తీసేశాక అడిగితే బాగుండదు."

"ఉన్న కర్ర ఏమైంది?"

"కొట్లో కొన్నదే, ఏమీ కాలేదు. చేపే పోయింది. పడవ పక్కదాకా తెచ్చాను బావా. నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది. గాలం ఊడిపోయింది."

"కొట్లో కొన్నావా?"

"అక్క పోయాక ఈ మెట్లెక్క బుద్ధి కాలేదు. తిట్టవా?"

"తిట్టాలి. తర్వాత తిడతాను."

తిమింగలం మూలనున్న బ్లాంకుల్లోంచి అన్నిటికన్నా మందమైనదాన్ని లాగి, కత్తి దూసినట్టు ఊపాడు. "ఇదే. దీన్ని వంచే చేప ఇంకా పుట్టలేదు."

"వంగని కర్రే కావాలంటే కిటికీ ఊచ ఉంది, పట్టుకుపో."

బ్లాంకు ఎంచడానికి ఆ దుకాణానికో పద్ధతి ఉంది. ట్యూనా ఎంత దూరం పరుగెత్తినా చివరికి పడవ కిందికే వచ్చి నిట్టనిలువునా లాగుతుంది. అందుకని రింగులను టేపుతో అంటించి, రీలు బిగించి, కొనేవాణ్ణి వరండాలో కటకటాల దగ్గర నిలబెట్టి తాడు కిందికి వదిలేవాడు. కింద దర్జీ గుమ్మం ముందు ఆయన భార్య ఆ తాడును ఒక చెక్కపిడికి చుట్టుకుని లాగేది. ఆ సంస్థలో చేప పదవి మొదటినుంచీ ఆవిడదే. ఆయన పైన నిలబడి, కర్ర ఎంత వంగింది, మనిషి ఎంత వంగాడు అని న్యాయమూర్తిలా పరిశీలించేవాడు. ఆవిడ మధ్యమధ్య లాగడం మానేసేది. "ఆపకుండా లాగవే" అని ఈయన పైనుంచి కేకేసేవాడు. కాసేపటికి కిందనుంచి "ఇది వద్దు" అనో, "ఇది ఉండనీ" అనో వినిపించేది. సరిగ్గా అప్పుడే తానూ ఆ నిర్ణయానికి వచ్చినట్టు ఆయన తల ఊపేవాడు. పోనుపోను, అది తన నిర్ణయమేనన్న నమ్మకం కుదిరిపోయింది.

"మరి లాగేదెవరు?" అన్నాడు తిమింగలం. అన్నాక నేల చూశాడు.

"నీళ్ల బాల్చీ వేలాడదీద్దాం."

"బాల్చీ ఎప్పుడు ఈదింది బావా?"

కర్రలాయన లేచి, మేకుకు తగిలించిన చెక్కపిడి తీసుకుని మెట్లు దిగాడు. ఇన్నేళ్లలో అలా దిగడం అదే మొదటిసారి.

దర్జీ మిషను ఆపి లేచాడు. "తాళానికి నేనే పైకి వచ్చేవాణ్ణిగా అన్నగారూ."

"తాళం కాదు. కాస్త లాగాలి."

పైనుంచి తిమింగలం ఆ మందమైన బ్లాంకుతోనే తాడు వదిలాడు. కర్రలాయన దాన్ని చెక్కపిడికి చుట్టుకుని లాగాడు. గోడను లాగినట్టుంది. కర్ర వంగలేదు, తిమింగలం వంగాడు, కటకటాల మీదికి సగం వచ్చేశాడు. ఇంకాస్త బలంగా లాగితే కర్రలాయన కాలే బండ మీద జారింది.

"వదినగారు చెప్పు విడిచేవారండీ," అన్నాడు దర్జీ. "ఇదిగో, ఈ అరుగు అంచుకు పాదం తన్నిపెట్టి లాగేవారు."

అరుగు అంచున ఒక్కచోట రంగు అరిగిపోయి రాయి కనిపిస్తోంది. పైనుంచి ఆయనకెప్పుడూ కనిపించింది ఆవిడ పాపిడి ఒక్కటే. చెప్పు విడిచి పాదం అక్కడ పెట్టాడు. ఆ చోటు ఆయన పాదానికి చాలలేదు, మడమ బయటే ఉండిపోయింది. మళ్లీ లాగాడు.

"లాగుతూనే ఉన్నారేంటి? వదినగారు మధ్యలో వదిలేవారుగా."

"అలసిపోయి."

"అలసిపోయి కాదండీ. నేనూ అదే అనుకుని అడిగాను. చేప మాత్రం లాగుతూనే ఉంటుందా, ఒకసారైనా వెనక్కి తిరగదా అన్నారు. వదిలినప్పుడు తాడు వదులైపోతే గాలం ఊడుతుందని ఆ కర్ర వద్దనేవారు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరు పైనుండేవారుగా."

కర్రలాయన గట్టిగా లాగి, ఒక్కసారి చెయ్యి వదులు చేశాడు. కర్ర టక్కున నిలువునా లేచి, అదురుతూ నిలబడింది. తాడు నీరుగారిపోయి ఆయన పాదం మీద పడింది.

"అదే బావా," అన్నాడు పైనుంచి తిమింగలం. "అచ్చం ఇలాగే పోయింది."

"ఇది వద్దు," అన్నాడు కర్రలాయన.

మాట బయటికొచ్చాక, అది ఎవరి మాటో ముగ్గురికీ తెలిసింది. మేడ మీదనుంచి ముక్కు చీదిన చప్పుడొచ్చింది. కర్రలాయన తన వంతు కోసం చూశాడు. రాలేదు. పాదం కింద రాయి చల్లగా ఉందని మాత్రం తెలిసింది. అంతమాత్రం తెలిసి కూడా చాన్నాళ్లయింది.

రెండో బ్లాంకు పిడిదాకా వంగిపోయి, దండం పెట్టినట్టు నిలబడింది. అదీ వద్దన్నాడు. మూడోది చూడటానికి ఏమంత గొప్పగా లేదు. తిరిగి పంపించేద్దామని ఆయనే గోడకు ఆనించి ఉంచింది. లాగితే కొన మొదట వంగింది, తర్వాత నడుం నెమ్మదిగా బరువు మోసింది. వదిలితే తొందరపడలేదు, చేతి వెంటే వచ్చింది. తాడు ఒక్క క్షణం కూడా వదులు కాలేదు. ఆయన ఇంకోసారి లాగి వదిలాడు. అవసరం లేకపోయినా మరోసారి కూడా.

"ఇంక చాలు బావా, చేపవి నువ్వు బాగానే ఉన్నావు, నా నడుమే పోతోంది."

"ఇది ఉండనీ."

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "మరి, తాళం?"

తాళంచెవి కర్రలాయన చొక్కా జేబులోనే ఉంది. జేబు మీద చెయ్యి పెట్టాడు గానీ లోపల పెట్టలేదు.

"దీనికి రింగులు కట్టాలి తమ్ముడూ. దారం చుట్టాలి. చుట్టడం నాకు సరిగా రాదు, విప్పి మళ్లీ చుట్టాలి. పైన వార్నిష్ ఆరాలి."

"ఎన్నాళ్లకు ఆరుతుందండీ?"

ఆయన వీధి అటూ ఇటూ చూసి, ఆలోచించాడు. "గాలిని బట్టి," అన్నాడు.

చెక్కపిడి చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. ఒక కాలికే చెప్పు ఉన్నట్టు ఆయన చూసుకోలేదు. దర్జీ రెండోదాన్ని తీసి, వచ్చేపోయేవాళ్ల కాళ్లకు అడ్డం కాకుండా గుమ్మం పక్కన పెట్టి, మిషను ముందు కూర్చున్నాడు.