చెయ్యి అడ్డం పెట్టిన ఫొటో

మైపాడు రోడ్డు పొడుగునా ఫొటోలు తీసేవాళ్లు పదిమంది ఉన్నా, తీసిన ఫొటో కన్నా చెప్పిన కథ పెద్దదిగా ఉండేది మౌలా ఒక్కడి దగ్గరే. పదో తరగతి మూడుసార్లు రాసి, చివరికి పరీక్షనే విసిగించి వదిలేసినవాడు. ఇందుకూరుపేటలో స్టూడియో. తలమీద ఎప్పుడూ వెడల్పు అంచుల టోపీ. మద్రాసులో ఒక సినిమా డైరెక్టరు సొంత తలమీది నుంచి తీసి తనకు పెట్టాడని మౌలా అంటాడు. నెల్లూరు ట్రంకురోడ్డులో దానికి బేరమాడుతుంటే చూసినవాళ్లు ఊళ్లో కనీసం నలుగురున్నారు. ఒడ్డుకొచ్చిన తాబేలును ఒకసారి కొంచెం ఎడమకి తిరగమన్నాడట. తిరిగిందట. నవ్విందో లేదో మాత్రం గుర్తులేదట.

ఇన్ని చెప్పిన నోట ఒక్క కథ మాత్రం మూడేళ్లుగా పెగల్లేదు. అది అతని ఫోన్లో ఉంది.

ఆ ఊరి చిన్నపోలయ్య పడవ మీద చేపల వేటకు పోయేవాడు. ఆ పడవవాళ్లకొక పట్టింపు. పడవ నీళ్లలోకి దిగేటప్పుడు ఎవరూ ఫొటో తీయకూడదు. చిన్నపోలయ్యను ఆ పట్టింపు నేలమీద కూడా వదిలేది కాదు. పెళ్లిళ్లలో కెమెరా కనబడితే స్తంభం చాటుకు జరిగేవాడు. ఒకనాటి సాయంత్రం, మిగతా ఇద్దరూ అవతలి పక్కనుంచి పడవను నీళ్లలోకి తోస్తుండగా, మౌలా ఒడ్డుకు పోయి, ఎండ తన వీపు మీద పడుతుండగా ఫోను ఎత్తాడు.

"తీయబాక మౌలా," అంటూ చిన్నపోలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. సగం నవ్వుతూనే పెట్టాడు.

"నేను తీసిన పడవకి ఎదురుగాలి గూడా దారిస్తాదన్నా," అని మౌలా నొక్కేశాడు.

మూడోనాడు పడవ బోర్లాపడి కనిపించింది. ఇద్దరు బతికి బయటపడ్డారు. చిన్నపోలయ్య దొరకలేదు.

అప్పటినుంచి ఏటా ఆ తేదీ రాగానే ఫోను తనంతట తానే ఆ ఫొటోను పైకి తెస్తుంది, ఇదే రోజున తీసిందని గుర్తుచేస్తూ. మౌలా ఫోను మార్చాడు. ఫొటో కొత్త ఫోనులోకీ వచ్చింది. తీసేయాలా అని అడిగిన ప్రతిసారీ వద్దనే నొక్కాడు. ఎందుకో అతనికే తెలియదు.

మొన్న మాఘంలో చిన్నపోలయ్య భార్య జయశీల, కూతురు సాయిలక్ష్మిని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చింది. పిల్లకు సంబంధం కుదిరింది. పెళ్లిపీటల పక్కన తండ్రి కుర్చీలో ఆయన ఫొటో పెట్టాలి. ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు మీదిది ఒక్కటే.

"దాంట్లో మా ఆయన దొంగతనం చేసి దొరికినోడి మాదిరి ఉండాడు," అంది జయశీల. "నిశ్చితార్థానికి రెండొందల మంది వస్తారు. వాళ్ల ఫోన్లల్లో యాడో ఒకచోట ఉండకపోడు. అయన్నీ ఎట్టా తీసుకునేది? నువ్వే చెప్పాల."

"వాట్సాప్ గ్రూపు పెడదాం మామా," అంది సాయిలక్ష్మి.

గ్రూపులో పడే ప్రతి ఫొటో నెత్తిన పంపినవాడి పేరుంటుంది. మౌలాకు ముందు తోచింది అదే.

"వాట్సాప్‌లో పడితే ఫొటో చిక్కిపోతాదమ్మా. పెద్దది చేస్తే మీ నాయన ముక్కూ మూతీ కలిసిపోతాయి."

"అయితే కేబుల్ పెట్టి ఒక్కో ఫోన్లోంచి లాగు."

"తన ఫోను ఇంకొకడి చేతికిచ్చే మొగోడు ఈ జిల్లాలో ఉండాడా?"

జయశీల కూడా నవ్వింది. ఆ నవ్వు చల్లారకముందే మౌలా మూడో దారి చెప్పాడు. గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ బోర్డు. స్కాన్ చేస్తే ఆల్బం తెరుచుకుంటుంది. ఎవరి ఫొటో వాళ్లు వేసి పోవచ్చు.

"ఎవురు వేసిందీ తెలస్తాదా?" అంది సాయిలక్ష్మి.

"తెలీదు." జవాబు తొందరగా వచ్చేసింది. "తెలిసి ఏం చేస్తావు? నీకు కావాల్సింది మీ నాయనా, పంపినోళ్లా?"

జయశీల అతన్ని ఒక క్షణం ఎక్కువ చూసింది.

"ఎందుకో ఏందో బోర్డు మీద తెలుగులో రాయి మామా," అంది పిల్ల.

"నా బోర్డుకి మాటలెందుకు? అదే మాట్లాడుద్ది."

నిశ్చితార్థం నాడు అందరికన్నా ముందు మౌలా వచ్చాడు. బోర్డు నిలబెట్టి, తానే స్కాన్ చేసి, ఆ ఫొటో ఆల్బంలో వేశాడు. మధ్యాహ్నానికి వంద ఫొటోలు పడతాయి, వాటి మధ్య ఇదెవరిదో ఎవరికి పట్టింది అనుకున్నాడు. మూడేళ్ల తర్వాత గుండెలనిండా ఊపిరి పీల్చి స్టేజీ దగ్గరికి పోయాడు.

బోర్డు మాట్లాడింది గాని వేరే మాట. గుమ్మంలో కోడ్ కనిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? చదివింపులకే అనుకున్నారు. వచ్చినవాడల్లా డబ్బులు పంపే యాప్ తెరిచి, అది తీసుకోకపోయేసరికి పెళ్లికూతురు మేనమామ రంగనాయకులును అడిగాడు. ఆయన, "నెట్టు లేదులే, చేతికియ్యండి," అని అందర్నీ సర్ది పంపాడు.

భోజనాలయ్యాక సాయిలక్ష్మి ఆల్బం తెరిచింది. ఒకే ఒక్క ఫొటో.

"ఎవురు వేసినారు?" అన్నాడు రంగనాయకులు. నేను కాదంటే నేను కాదన్నారు. ఒక్కరికీ ఆల్బం తెరుచుకోనే లేదని అప్పుడు బయటపడింది. 

చిన్నపోలయ్య తల్లి పెంచలమ్మ ఫోను మీద వేలు పెట్టి నిమిరింది. "నా బిడ్డే పంపుకున్నాడు. చెయ్యెత్తి దీవిస్తా ఉండాడు చూడండి."

సాయంత్రానికి కథ ముత్తుకూరు చేరింది. అక్కడికి పోయేసరికి బోర్డు తడిసి, దానిమీద ఉప్పు పేరుకుని ఉందట. ఈ తీరంలో ఇంతకన్నా పెద్ద కథ పుట్టలేదు, దాన్ని నాదని చెప్పుకునే యోగం మాత్రం మౌలాకు లేకపోయింది.

అంతకుముందే పందిట్లో జయశీల, పెంచలమ్మ చేతిలోని ఫోను తీసుకుని రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసింది. ముఖాన్ని కాదు, కింద ఇసుకను. చిన్నపోలయ్య కాళ్ల దాకా ఒక నీడ సాగి ఉంది. నీడ నెత్తిన వెడల్పు అంచుల టోపీ.

"పటం కట్టియ్యి మౌలా," అంది.

"కింద కొంచెం బాగలేదక్కా. కత్తిరిస్తా."

"కత్తిరించబాక." ఫోను అతని చేతిలో పెట్టింది. "పొయ్యేటప్పుడు ఆయన ఎవురి దిక్కు చూసినాడో, అది గూడా ఉండనీ."

పెళ్లికి మౌలా వట్టి తలతో వచ్చాడు. టోపీ ఏదని అడిగినవాళ్లకి డైరెక్టరు తిరిగి తెప్పించుకున్నాడని చెప్పాడు. పీటల పక్కన తెల్లబట్ట పరిచిన కుర్చీలో పటం. పిల్లను దాని పక్కన నిలబెట్టి ఒకటి తీయమన్నాడు రంగనాయకులు.

మౌలా కెమెరా కంటికి పెట్టుకున్నాడు. లోపల అదే చెయ్యి. పందిట్లో అందరికీ అది దీవెన. అతనొక్కడికే అందులో ఆనాటి మాట వినబడుతుంది. వేలు బటన్ మీద ఆగిపోయింది.

"తియ్యి మౌలా," అంది వెనక నుంచి జయశీల, మెల్లగా. "అప్పుడు తీయలా?"

పందిరి అంచులోంచి ఎండ వీపు మీద పడుతోంది. టోపీ లేని నీడొకటి ముందుకు సాగి కుర్చీ కాళ్లదాకా పోయింది. మౌలా నొక్కాడు.