సదరు ఇంటివారు

ఆ రోజుల్లో ఆధారం లేని మాట వింటే నాకు ఒళ్లు మండేది. జాతకాలు చెప్పేవారిని నడిబజారులో నిలేసి వాదించే కుర్రకారు సంఘంలో పెరిగినవాణ్ని. పైగా వరంగల్‌లో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా అప్పుడే చేరాను. దేవుణ్నే సాక్ష్యం అడిగే నోటికి చట్టం కూడా తోడైందన్నమాట. (ఇంట్లోవాళ్ల అవస్థ మీరే ఊహించుకోండి.)

మా ఇల్లు కొత్తవాడలో. మా అమ్మా, పక్కింటి చిన్నమ్మా ఒకే మగ్గం మీద జంపఖానాలు నేసేవారు. అది వెడల్పాటి మగ్గం. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి నూలు అందించుకుంటేనే పని సాగుతుంది. ఒకరు అలిగితే రెండో మనిషి చేతులు కట్టుకోవాల్సిందే. ఆ ఎండాకాలం చిన్నమ్మ తన నల్లాకు మోటరు బిగించింది. ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చే నీళ్లన్నీ ఆమె డ్రమ్ముల్లోకి పరుగెత్తేవి, మా నల్లా మాత్రం దగ్గుతూ కూర్చునేది. ఒక పొద్దున అమ్మ కొంగు బిగించి, వాడంతా వినేలా నీళ్ల దొంగ అని అరవడానికి గడప దాటింది. నేను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను.

కారణం ఉంది. ఆ వారమే మా ఆఫీసుకు ఒకాయన లబోదిబోమంటూ వచ్చాడు. కాలనీ వాట్సాప్ గ్రూపులో పక్కింటాయన్ను దొంగ అన్నాడట, పరువునష్టం నోటీసు ఇంటికొచ్చింది. అందుకని అమ్మను కూర్చోబెట్టి పాఠం చెప్పాను. దొంగ అనకూడదు. పేరెత్తకూడదు. చూసిందే చెప్పాలి, చూడనిదానికి 'అని మా అనుమానం' అని తగిలించాలి. అమ్మ నా వంక జాలిగా చూసింది.

"కొట్లాటకు గూడ పరీక్ష పాస్ గావాల్నా బిడ్డా?"

అయినా కొడుకు కొలువుకు ఎసరొస్తుందేమోనని బుద్ధిగా నేర్చుకుంది. మర్నాడు వాడ పెద్దల ముందు నిలబడి, పొల్లుపోకుండా అప్పజెప్పింది: "సదరు ఇంటివారు మోటరు వాడుతున్నట్టు మా అనుమానం. మేము ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు."

తిట్లకు తిట్లతో జవాబివ్వడానికి సిద్ధమై వచ్చిన చిన్నమ్మ ముఖం పాలిపోయింది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది. నేను గెలిచామనుకున్నాను. (ఎదుటివాళ్లు నోరు మూసుకుంటే గెలుపనుకునే వయసు.)

మగ్గం ఆగిపోయింది. సగం నేసిన జంపఖానా మీద పిల్లి నిద్రపోవడం మొదలుపెట్టింది. సరుకు కొనే సేటు వచ్చి, మీవల్ల కాకపోతే పని వేరే జోడీకి ఇస్తానన్నాడు. అమ్మకు అన్నం సయించడం లేదు. ఇక నేనే చిన్నమ్మ దగ్గరికి వెళ్లి, అమ్మ మాటల్లో ఆమె పరువుకు భంగం కలిగించేది ఒక్కటీ లేదని అంచెలంచెలుగా నిరూపించాను. చిన్నమ్మ అంతా విని కళ్లొత్తుకుంది.

"దొంగ అంటె నేను గయ్యాళి అందును, పొద్దుమూకినంక ఇద్దరం చాయ్ తాగుదుము. పెండ్లయి వచ్చినకాడికెల్లి మీ అమ్మ పక్కనే కూసున్న. సదరు ఇంటివారంట. గంత పరాయిదాన్ని ఎప్పుడు అయిన బిడ్డా?"

నేను నా నిరూపణను మళ్లీ మొదటినుంచి ఎత్తుకోబోయాను. ప్రహరీ అవతల నిలబడి వింటున్న అమ్మ మాత్రం ఆగలేకపోయింది.

"ఏమే నీళ్ల దొంగా! మా నల్లా గొంతు పిసుక్కుంట గూసొని, మళ్ల ఏడుస్తున్నవా?"

"నల్లా వచ్చేదాక గుర్రుపెట్టి పండేదానివి, నువ్వా అక్కా నన్ను అనేది?" చిన్నమ్మ గొంతులో ప్రాణం లేచొచ్చింది.

ఆ కొట్లాట అరగంటసేపు జరిగింది. మనిషిని చూపించి నింద, చుట్టూ సాక్షులు, పదుగురిలో పరువునష్టం. కేసుకు కావలసిన దినుసులన్నీ పడ్డాయి. నేను గుమాస్తాగా ఎన్ని సెక్షన్లు పడతాయో లెక్కపెడుతూ నిలబడ్డాను. వాడ మాత్రం హమ్మయ్య అనుకుంది. సాయంత్రానికి చిన్నమ్మ మోటరు నుంచి గోడ మీదుగా మా డ్రమ్ములోకి ఒక పైపు దిగింది. పిల్లి లేచి ఇంకో చోటు వెతుక్కుంది.

ఇప్పుడు హనుమకొండలో అపార్టుమెంటులో ఉంటున్నాను. మొన్న నా కారు ఎవరికో అడ్డమైంది. 'సంబంధిత ఫ్లాటువారు గమనించగలరు' అని గ్రూపులో సందేశం వచ్చింది. ఏ వకీలూ వంక పెట్టలేని వాక్యం. అలాంటి భాష కోసమే కదా నేను అంత వాదించింది. కిందికి దిగి కారు పక్కకు తీశాను. తీసి, వెంటనే పైకి రాబుద్ధి కాక కాసేపు అక్కడే నిలబడ్డాను, ఎవరైనా బాల్కనీలోకి వచ్చి నాలుగు తిట్టి చాయ్‌కి పిలుస్తారేమోనని.