రబ్బరు దిమ్మ పెట్టిన తేదీ

2003లో నన్ను సైదాబాద్‌లోని మా కంపెనీ షెడ్డులో సిమ్యులేటర్ మీద సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. సిమ్యులేటర్ అంటే నేల మీదే ఉంచి విమానం నడపడం నేర్పే యంత్రం. మాది యుద్ధ విమానానిది. ఆరు ఇనుప కాళ్ల మీద ఒక కాక్‌పిట్, దాని ముందు పెద్ద తెర. లోపలి మనిషి విమానం నడిపే కర్ర లాగితే ఆ కాళ్లు లేచి, వంగి, నిజంగా ఎగురుతున్నట్టు ఊపుతాయి. నూనె ఒత్తిడితో కదిలేదంతా నా కింద ఉండేది. యంత్రాన్ని నౌకాదళ స్థావరానికి తరలించేలోపు ట్రైనీ పైలట్లే మా దగ్గరికి వచ్చి, ఓడ మీద నుంచి విమానం లేపడం సాధన చేసేవారు.

నా సంగతి కొంచెం చెప్పాలి. గౌలిపురలో పాలు పోసే ఇంట్లో పుట్టాను. బడి మొహం చూడలేదు. ఇరవై ఆరో ఏట, ఉద్యోగంలో చేరాక, ఖలీల్ భాయ్ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. ఆయన యాకుత్‌పురా మనిషి, మా ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. అన్నం వేళ పేపరు ముందర పెట్టి చదివించేవాడు. చదవడం వచ్చింది. రాయడం మాత్రం బరువే. చేసిన పని ఎక్కించే రిజిస్టర్‌లో నాలుగు లైన్లు రాసేలోపు నేను ఒక పంపు విప్పి బిగించగలను. అందుకని పెద్ద పనులు రాసేవాణ్ణి, చిన్నవి వదిలేసేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

ఓడ మీద రన్‌వే పొట్టిది. చివర డెక్కు పైకి వంగి ఉంటుంది. ఇంజన్ పూర్తిగా తెరిచి వదిలితే విమానం ఆ వంపు ఎక్కి గాల్లోకి విసిరినట్టు పోతుంది. అప్పుడు పైలట్ కర్ర ముట్టకూడదు. కుడి చెయ్యి పైనున్న పట్టీ మీద పెట్టుకోవాలి. ముక్కు ఎంత లేపాలో కంప్యూటర్ చూసుకుంటుంది. కొన్ని క్షణాలు గడిచాకే కర్ర అందుకోవాలి. తొందరపడి లాగితే విమానం వేగం పోయి నీళ్లలో పడుతుంది. పైలట్లకు ఇచ్చే కార్డు మీద రాసిన మొదటి నియమం ఇదే.

ఆ జట్టులో ముగ్గురు ట్రైనీలు. ఇద్దరు పరీక్ష దాటారు. మూడో ఆయన లెఫ్టినెంట్ ప్రకాశ్, విజయనగరం మనిషి. రెండుసార్లు తప్పాడు. డెక్కు దాటగానే విమానం కిందికి జారేది, బజర్ మోగేది, తెర మొత్తం నీలం అయ్యేది. మూడోసారి తప్పితే యుద్ధ విమానాల నుంచి తీసేస్తారు. లోపల ఎవరు ఏం చేశారో కంప్యూటర్ కాగితం మీద గీతగా గీస్తుంది. ఆయన గీత కర్ర కొద్దిగా ముందుకు నెట్టినట్టు చూపించింది. నేర్పే కమాండర్ గారు ఆ కాగితం ఆయన ముందు పెట్టి, భయంతో నెడుతున్నావని అందరి ఎదుట తిట్టారు. చెయ్యి పట్టీ మీదే ఉందని ఈయన అన్నాడు. యంత్రం మాటే నిలిచింది.

మూడో పరీక్షకు ముందురోజు ప్రకాశ్ నా దగ్గరికి వచ్చాడు.

"యాదగిరి గారూ, కర్రలోనే ఏదో ఉందండీ. నేను ముట్టుకోవట్లేదు. ఒక్కసారి చూడరూ?"

చూశాను. స్ప్రింగులు బాగున్నాయి, నూనె ఒత్తిడి సరిగానే ఉంది, కర్ర సున్నా అంటే సున్నా దగ్గరే ఉంది.

"సార్, మిషన్ల ఏం లేదు. మీ చెయ్యే జర సూస్కోండ్రి," అన్నాను.

"సరేనండీ," అని వెళ్లిపోయాడు. మర్నాడు తప్పాడు. ఆ మధ్యాహ్నమే పెట్టె సర్దుకుని జీపెక్కాడు.

నాలుగు రోజులకు ఖలీల్ భాయ్ తెర సరిచేసుకోవడానికి యంత్రాన్ని లేపి, బయట బల్ల దగ్గర అంకెలు చూస్తున్నాడు. గట్టిగా పిలిచాడు.

"యాదన్నా, ఇటు రా జర. లోపల ఎవ్వడు లేడు. కర్ర ముందుకు నెట్టినట్టు సూపిస్తున్నది. దయ్యం గిట్ల కూసున్నదా ఏంది?"

నేను నవ్వాను. అంకె చూశాక నవ్వు ఆగిపోయింది. యంత్రాన్ని దింపించి, వాలు చూసే రసమట్టం తీసుకుని లోపలికి ఎక్కాను. కాక్‌పిట్ నేల ముందువైపు లేచి ఉంది. కిందికి చూస్తే ముందు దిమ్మ.

నూనె ఆపినప్పుడు యంత్రం దిగి రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. కొన్ని వారాల కిందట ముందు దిమ్మ ఒకటి పగిలింది. కొత్తది విదేశం నుంచి రావడానికి నెలలు పడుతుంది, అన్నాళ్లూ శిక్షణ ఆగుతుంది. నేను యాకుత్‌పురా స్టేషన్ దగ్గర టైర్లు కోసే ఆయనతో లారీ టైరు నుంచి ఒకటి కోయించి పెట్టాను. "లారీని మోసింది అన్నా, నీ బొమ్మ ఇమానం దీనికి ఒక లెక్కనా?" అన్నాడు ఆయన. మేనేజర్ గారు శభాష్ అని భుజం తట్టారు. అది పాతదాని కంటే వేలెడు మందం. కూర్చోవడానికే కదా అనుకున్నాను.

కర్రకు సున్నా పెట్టేది ప్రతి శనివారం, యంత్రం కూర్చుని ఉన్నప్పుడు. కర్రను వదిలేస్తాం, అది ఎక్కడ ఆగితే అదే సున్నా అని కంప్యూటర్‌కు చెబుతాం. ముందువైపు లేచి ఉంటే కర్ర తన బరువుకు వెనక్కి వాలుతుంది. ఆ వాలినచోటే సున్నా అని మేం చెప్పాం. యంత్రం లేచి సమంగా నిలబడ్డాక స్ప్రింగు దాన్ని అసలు మధ్యకు తెస్తుంది. కంప్యూటర్ లెక్కలో అది ముందుకు నెట్టినట్టే. ప్రకాశ్ అడిగినప్పుడు నేను చూసిందీ యంత్రం దింపి ఉండగానే. నూనె ఎక్కి ఉండగా లోపల చెయ్యి పెట్టకూడదని మా నియమం.

మరి మిగతా ఇద్దరూ ఎలా దాటారు? మేం సంగతి చెప్పాక కమాండర్ గారు వాళ్లను విడివిడిగా అడిగితే తల వంచుకున్నారు. విమానం జారుతుంటే రెండు వేళ్లతో కర్రను కొంచెం వెనక్కి పట్టుకున్నారట. వాళ్ల గీత సున్నా మీద చక్కగా వచ్చింది. ముట్టనివాడు నెట్టినట్టు, ముట్టినవాళ్లు ముట్టనట్టు కాగితం చెప్పింది. కార్డు మీద రాసింది రాసినట్టు చేసింది ప్రకాశ్ ఒక్కడే. పాత మందానికి దిమ్మ చెక్కించాక ఆ ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టారు. వేళ్లు అలవాటుగా కర్ర మీదికి పోయాయి. ఇద్దరూ తప్పారు. అసలు ఓడ మీద అయితే శవాలు వెతకాల్సి వచ్చేది.

రిపోర్టు రాయాలి. మేనేజర్ గారు తలుపు వేసి, "నువ్వెందుకయ్యా నెత్తిన వేసుకుంటావు? స్ప్రింగు అరిగిందని రాద్దాం," అన్నారు.

"లేదు సార్. దిమ్మ నేను పెట్టిన. గదే రాస్త."

పొద్దున కూర్చుంటే అన్నం వేళకు రెండు పేజీలు అయ్యాయి. ఖలీల్ భాయ్ దిద్దుతానన్నాడు, వద్దన్నాను.

కమాండర్ గారు దాన్ని తీసుకుని నౌకాదళం వాళ్ల బోర్డుకు వెళ్లారు. ఆ మూడో పరీక్ష కొట్టివేయించి ప్రకాశ్‌ను మళ్లీ పిలిపించాలని ఆయన పట్టుదల. బోర్డు ఒకటే ప్రశ్న పంపింది: దిమ్మ పెట్టిన తేదీ ఏది? మూడో పరీక్షకు ముందే పెట్టినట్టు ఆధారం చూపండి.

రిజిస్టర్ మొత్తం తిరగేశాను. ఆ నెలలో నా రాతలు మూడు ఉన్నాయి. దిమ్మ లేదు. ఆ వారం ఖలీల్ భాయ్ తమ్ముడి పెళ్లని సెలవులో ఉన్నాడు. టైరు కోసిన ఆయన దగ్గర కాగితం ఎక్కడిది? శనివారం సున్నా పెట్టినప్పుడల్లా నింపే కార్డులు అన్నీ సున్నా సరిగ్గా ఉందనే చెబుతున్నాయి. భుజం తట్టిన మేనేజర్ గారిని అడిగితే, "తేదీలెక్కడ గుర్తుంటాయయ్యా నాకు," అన్నారు. మూడో పరీక్షకు మూడు వారాల ముందు పెట్టానని నేను వేలిముద్ర వేసినట్టు నొక్కి సంతకం చేసి పంపాను. తప్పు చేసినవాడే తర్వాత చెప్పే తేదీ ఆధారం కాదని బోర్డు జవాబిచ్చింది. వాళ్ల చోట నేనున్నా అదే అనేవాణ్ణి.

ఆ జవాబు కమాండర్ గారే తెచ్చి ఇచ్చారు. "ఆ అబ్బాయి మూడుసార్లూ నిజం చెప్పాడు. మీరు వినలేదు, నేనూ వినలేదు," అన్నారు.

ప్రకాశ్‌ను ఒడ్డు మీద స్టోర్స్‌లో వేశారు. ఒక ఉత్తరం రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. ఏం రాసినా నా పని తేలిక చేసుకోవడమే అనిపించి మానేశాను.

తర్వాత రిటైరయ్యేవరకు నట్టు మార్చినా చేతి జిడ్డు తుడుచుకోకముందే రాశాను. కాగితానికి జిడ్డు అంటినా పర్లేదు. నా కింద చేరిన ప్రతివాడికీ రెండు మాటలు చెప్పేవాణ్ణి. యంత్రం చూపే అంకె వెనక ఎవడో ఒకడు చేసిన పని ఉంటుంది, లోపలి మనిషి తాను చేయలేదంటే ముందు ఆ పని వెతకాలి. రెండోది, చేసి రాయని పని చేయనట్టే. దాన్ని తర్వాత ఒప్పుకున్నా ఎవరికీ పనికిరాదు.