పందిట్లో పిగిలిపిట్ట

ఇష్టమైన పక్షి ఏదని అడిగేవాళ్ళు నా నోట వాల్పారై కొండల్లోని హార్న్‌బిల్ పేరు వినాలనుకుంటారు. దాని ఫొటో కోసం జలగలకు నెత్తురిచ్చి తిరిగిన మాట నిజమే. నేను మాత్రం పిగిలిపిట్ట అంటాను. నల్లటి తల, చిన్న జుట్టు, తోక కింద కుంకుమంత ఎరుపు. ఇంతేనా అన్నట్టు చూస్తారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు మరి.

మా అమ్మకు ఆ పిట్టంటే ఒళ్ళుమంట. చిన్నమనూరు దగ్గర మా పన్నీరు ద్రాక్ష తోట ఆమె చేతిమీదుగానే నడుస్తోంది. కాయ రంగు తిరిగిందంటే చాలు, పిగిలిపిట్టలు గుత్తికి నాలుగు పళ్ళు పొడిచి మిగతావి పాడుచేస్తాయి. నేను కోయంబత్తూరు నుంచి కెమెరా భుజాన వేసుకుని బస్సు దిగితే, దొంగలకు ఫొటోలు తీసేవాడొచ్చాడని అమ్మ ఎకసెక్కం చేస్తుంది.

పోయినసారి కోత అయ్యాక కవాత్తుకు మనుషులొచ్చారు. తీగలన్నీ మోడుగా కత్తిరించే పని అది. తోటంతా ఒకేసారి కత్తిరిస్తేనే కాయ ఒకేసారి పండుతుంది. వ్యాపారి కూడా తోట మొత్తాన్ని ఒక్క కోతలోనే తీసుకుంటాడు. పని సగంలో ఉండగా కత్తెర పట్టిన ఒకావిడ ఆగి మమ్మల్ని పిలిచింది. ఆకుల మధ్య గిన్నెలాంటి గూడు, అందులో పిగిలిపిట్ట పిల్లలు. ఒంటిమీద ఈకైనా లేదు. నీడనిచ్చే ఆకు పోతే ఆ ఎండకు సాయంత్రందాకా బతకవు. గూడు పక్కకు మారుద్దామని మేస్త్రి అన్నాడు. మారిస్తే తల్లి వస్తుందన్న నమ్మకం లేదని నేను చెప్పాను. తీగ వదిలేయమని అడగడానికి మాత్రం నోరు రాలేదు. పంట అమ్మది.

అమ్మ కాసేపు గూటివైపే చూసింది. ఆ తీగనూ దానికి అటూ ఇటూ ఉన్నవాటినీ తాకొద్దని మేస్త్రికి అరవంలో చెప్పేసి, నావైపు తిరిగింది.

"దొంగల బిడ్డలయితే ఏమిరా? ఇంకా కండ్లు గూడా తెరవలేదు, పావం."

తర్వాత నేను దూరంగా కూర్చుని, తల్లి పురుగులు మోసుకురావడం చూస్తూ ఉండిపోయాను. అడవిలో ఏ పక్షినీ అంత దిగులుగా చూడలేదు. అమ్మ పనిమధ్యలో వచ్చి, తినిపించిందా అని అడిగి పోయేది. పిల్లలు ఎగిరిపోయాకే ఆ తీగల్ని కత్తిరించారు.

అనుకున్నట్టే ఆ తీగలు వెనకబడ్డాయి. వ్యాపారి వచ్చినప్పుడు వాటి కాయ ఇంకా పచ్చిగానే ఉంది, వాటిని వదిలేసి పోయాడు. అవి పండేసరికి చుట్టుపక్కల పిగిలిపిట్టలన్నీ వాటిమీదే వాలాయి. నేను తరమబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"విడువురా, తిననీ. అది వాటి పంగు."

పంగు అంటే మా ఇళ్ళల్లో వాటా. అమ్మ నా పక్కనే బుట్ట బోర్లించుకుని కూర్చుని, అవి తింటుంటే చూసింది. నాకు కళ్ళు చెమర్చాయి, ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఆ పిట్టల్ని ప్రేమించడానికి నాకు సవాలక్ష కారణాలున్నాయి. ఆమెకు ఒక్కటీ లేదు.