డప్పుకు నిలబడిన గుర్రం

మా చెల్లెలి భర్తకు ఒక ఎర్ర గుర్రం ఉండేది. పరుగులో మంచిదే గానీ జనాన్ని చూస్తే బెదిరేది, డప్పు వింటే అసలు నిలిచేది కాదు. కిందటేడు పక్కూరి తీర్థంలో, అంటే జాతరలో, గుర్రాల పందెం మొదలవకముందే గీత దాటి, అతన్ని మోసుకుంటూ జీడితోటలోకి పారిపోయింది.

"ఈ యేడూ ఇలాగే సేస్తే అమ్మేస్తాను బావా. ఊరికే కూకోబెట్టి మేపడం నా వల్ల కాదు" అన్నాడతను.

రిటైరైనప్పటి నుంచి పొద్దున్నే ఆ గుర్రం దగ్గరికి వెళ్లడం నాకు అలవాటు. అందుకే తీర్థం దాకా దాన్ని నాకు వదిలేయమన్నాను.

ఏ రోజు ఏం చేశానో డైరీలో రాసుకునేవాణ్ణి. మొదట బస్సులు తిరిగే రోడ్డు పక్కన నడిపించాను. తర్వాత నెల్లిమర్లలో జనం మధ్యకు తీసుకెళ్లాను. చివరికి డప్పు. మా ఊళ్లో డప్పు కొట్టే పెద్దాయన్ని బతిమాలి, మొదట పొలం అవతలి గట్టు మీద, తర్వాత రోజుకు కాస్త దగ్గరగా కొట్టించాను. గుర్రం కదలకుండా నిలబడిన ప్రతిసారీ బెల్లం ముక్క పెట్టాను.

"ఏటి బావా, గుర్రానికి అన్నప్రాసనా?" అని మా చెల్లెలి భర్త వెక్కిరించేవాడు.

ఆఖరి వారం చెవి పక్కనే కొట్టినా అది తోకైనా ఆడించలేదు. 'డప్పు: భయం లేదు' అని రాసి కింద గీత గీశాను.

తీర్థం నాడు మైకుల మధ్య నుంచి గుర్రం నెమ్మదిగా నడిచి వెళ్లి గీత మీద నిలబడింది. "బాగా సేసావు బావా" అన్నాడతను పైనుంచి. జనాన్ని ఆపడానికి కట్టిన తాడు ఇవతల నేను నిలబడ్డాను.

మా వైపు పందెం మొదలుపెట్టేది డప్పు దెబ్బతోనే. ఆ సంగతి చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు.

దెబ్బ పడింది. మిగిలిన గుర్రాలు దుమ్ములో కలిసిపోయాయి. మాది కదలలేదు. మెడ తిప్పి జనంలో నన్ను వెతికింది. అతను మడమలతో పొడిచాడు, అదిలించాడు. అది నన్నే చూస్తోంది. పొమ్మని చెయ్యి ఊపాను. ఆ సైగ దానికి నేనెప్పుడూ నేర్పలేదు.

"మావా, ఫొటో కోసం నిలబెట్టావేటి?" అని ఎవరో అరిచారు. తాడు పొడవునా నవ్వులు.

పందెం అయ్యాక అతను దిగి, కళ్లెం పట్టుకుని నా దగ్గరికి నడిపించుకొచ్చాడు. కోపం కూడా లేదు.

"రేపు ఒకాయన సూసుకోడానికి వస్తాడు. నిదానమైన గుర్రం కావాలన్నాడు" అన్నాడు.

గుర్రం నా చొక్కా జేబును మూతితో తడుముతోంది. అది నేను చెప్పినట్టే చేసింది మరి. బెల్లం తీసి పెట్టాను.